శోకమాన్యం

పొద్దున్నే పళ్లు తోముకోవడం, తోడించుకోవడం. గంధవరంలో ఈ రెండూ అయ్యాకే కాఫీ. వీధి చివర తోడిక గది ముందు ఆ వేళ వరస చిన్నదే. పైడిరాజుకు ముందు ఒక మొగుడూ పెళ్లాం మాత్రమే ఉన్నారు. రాత్రి రాజుకున్న తగువు ఇంకా ఆరలేదని ఇద్దరి ముక్కుపుటాలూ చెబుతున్నాయి.

“ముందు నువ్వు తోడించుకో.”

“నానెందుకు? తప్పు నీది.”

“తప్పు నాదే. కోపం నీది కదేటి? కోపం ఉన్నోళ్లే ముందు.”

ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. చెవి వెనక చల్లటి చిప్ప ఆనింది. కాసేపు నూతిలో గిలక తిరుగుతున్నట్టు చప్పుడైంది. లేచేసరికి ఏ విషయం మీద పోట్లాడుకున్నారో ఇద్దరికీ జ్ఞాపకముంది గానీ, దాని మీద పోట్లాట ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

“కూరేటి వండమంటావు?” అందావిడ.

“ఏదైనా ఒకటే,” అన్నాడాయన. నిజంగానే ఆయనకు ఏదైనా ఒకటే.

నూతిలోంచి నీళ్లు తోడినట్టు మనిషిలోంచి కోపాన్నీ భయాన్నీ దిగులునూ తోడుతుంది గనకే దానికి తోడిక అని పేరు పెట్టారు. తోడున్నవాళ్లు తగువులు తోడించుకుంటారు. తోడు పోయినవాళ్లు దుఃఖం తోడించుకుంటారు. తోడిన సరుకు వృథా పోదు. జల్లెడ పట్టి, మనిషి తాలూకు జ్ఞాపకాల నలకలు ఏరేసి, భావాగారంలో చల్లగా నిలవ చేస్తారు. అత్తాకోడళ్ల కోపాన్ని నాటకాలవాళ్లు పట్టుకుపోతారు. పరీక్షల భయాన్ని, బొత్తిగా భయమే ఎరగని మొద్దబ్బాయిల మీద కాస్త చిలకరిస్తారు. ఊళ్లో మనిషన్నవాడు గొంతెత్తి అరవగా విని ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. గుర్తులేదన్న బెంగ కూడా ఎవరికీ లేదు.

“మీకేటి తోడతాను బాబూ?” అంది తోడిక నడిపే పారమ్మ, పైడిరాజు కూర్చోబోతుంటే. “చిప్ప ఆనించడమే తరువాయి, అడుగు తగలతంది.”

“అడుగు తగిలితే అడుగు ముందుకెయ్యమనేగా పారమ్మా!” అని పైడిరాజు పనిలోకి నడిచాడు. పారమ్మ నవ్వింది. నవ్వు తోడడం నిషేధం కాబట్టి నవ్వులు ఉన్నాయి. ఉన్నాయంటే, నీళ్లు కలిపిన మజ్జిగ కూడా మజ్జిగే కదా, ఆ లెక్కన ఉన్నాయి.

పైడిరాజు గంధవరం రాజమార్గంలో గైడు. రాజు లేడు, మార్గం మిగిలింది. ఒకప్పుడు కొండల నుంచి సముద్రం దాకా గంధవరం ప్రభువులదే. కొండ మీద చెట్టుకూ, ఆ చెట్టు కింద నీడకూ విడివిడిగా పన్ను వేసిన వంశం అది. తరవాత దివాణం దివాలా తీసింది. కోట కూలింది. ఇప్పుడు ఆ వంశం తాలూకు రాళ్లూ రప్పలూ వరసగా కలిపి ఒక యాత్ర చేశారు. నుదుటికి భావపట్టీ కట్టుకుని వెళితే ఏ చోట రాజులు ఏమనుభవించారో అది యాత్రికుడి గుండెలోకి దిగుతుంది. సింహద్వారం దగ్గర గర్వం, గజశాలలో వేడుక, కచేరీ సావిడిలో అధికారం, అంతఃపురంలో శోకం, చివర ఓడరేవు మెట్ల మీద శాంతి. ఆ భావాలన్నీ గోడల్లోంచే పిండి తీశామని యాత్ర నడిపే సంస్థ చెప్పుకుంటుంది. సొంతవి తోడించుకుని రాజులవి అద్దెకు తెచ్చుకోవడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

ఆ వేళ తేలుబండి నిండా జనమే. “కంగారు పడకండి, ఈ తేలు కుట్టదు, నేలకి జానెడెత్తున తేలుతుందంతే!” అని రోజూ అనే మాటే అంటూ పైడిరాజు బండెక్కాడు. చివరి సీటులో, నుదుట పట్టీ కట్టుకోకుండా చేత్తో పట్టుకుని, కొండమల్లి కూర్చుని ఉంది.

కొండమల్లి అతని కూతురు. ఒక్కతే కూతురు. తల్లి వరహాలు పోయాక పదకొండో రోజున ఈ ఊరు విడిచి, రేవు పట్నంలో చేపల గిడ్డంగిలో పనికి వెళ్లిపోయింది. మళ్లీ ఇదే రావడం.

“ఏటే అమ్మీ, టికెట్టు కొనుక్కున్నావా?”

“కొన్నాను. పని మీద వచ్చినాను నాన్నా. నీ ఏలిముద్ర కావాలి.”

ఒళ్లో ఉన్న చిన్న సమ్మతిపలక చూపించింది. పైడిరాజుకు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఒక మనిషి పోయిన దుఃఖం ఇంట్లో ఒక్కరి దగ్గరే మిగిలి ఉంటే, దాన్ని తోడాలంటే ఇంట్లో మరొకరు ఒప్పుకోవాలి. అది కూడా తోడేస్తే ఆ పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లు లోకంలో ఇక ఎవరూ ఉండరు గనక ఆ నిబంధన పెట్టారు. వరహాలు కోసం ఏడవగలిగిన మనిషి ఇప్పుడు కొండమల్లి ఒక్కతే.

“సాయంత్రం తోడించుకుంటన్నాను. ఒంటిగా మొయ్యలేకపోతన్నాను నాన్నా.” ఆ గొంతులో జీర విని పక్క సీటువాళ్లు వింతగా తిరిగారు.

“అలాగేలే. రేవు మెట్ల దగ్గర యాత్ర అయిపోతంది కదా, అక్కడ ఏసేస్తాను.”

వద్దంటాడేమోనని ఆశపడినట్టు ఆమె ఒక క్షణం అతని ముఖంలోకి చూసింది. అక్కడ వెతకడానికి ఏమీ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

యాత్ర మామూలుగానే సాగింది. సింహద్వారం దగ్గర అందరూ ఛాతీలు విరుచుకున్నారు. గజశాలలో పైడిరాజు, “ఇక్కడ ఒకప్పుడు గజాలుండేవి. ఇప్పుడు గజం రేటు చెబితే మీరే ఘీంకరిస్తారు!” అన్నాడు. నవ్వు బండి ముందు నుంచి వెనక్కి పలచగా పాకింది. కచేరీ సావిడిలో అధికారం ఎక్కి, ఒక బట్టతల పెద్దమనిషి తన భార్యకు ఎడాపెడా ఉత్తరువులు జారీ చేశాడు. పట్టీ వదులు చెయ్యగానే ఆమె వెనకాలే బుద్ధిగా నడిచాడు. అడుగడుక్కీ ప్రశ్నలు వేసేవాడూ ఆ పెద్దమనిషే. కొండమల్లి ఎక్కడా పట్టీ కట్టుకోలేదు.

అంతఃపురం ముందర పైడిరాజు అందరినీ ఆపాడు.

“ఇది చంద్రాయి రాణిగారి గది. భర్త పోయినప్పుడు ఆవిడ ఇక్కడే ఉన్నారు. గంధవరం ప్రభువులకో కట్టుబాటుండేది. వాళ్లు ప్రజల ముందు కంటతడి పెట్టకూడదు. మరి కోటలో చావొస్తే ఎవరేడవాలి? మేం ఏడవాలి! మా ఇంటిపేరు శోకాలవారు. ప్రభువుల తరఫున ఏడ్చినందుకు మాకు భూమి ఇచ్చారు. దాన్ని శోకమాన్యం అనేవారు. మాన్యం పోయింది, మేం సామాన్యులమయ్యాం!”

నవ్వారు.

“మరి మీ ఇంట్లో చావొస్తేనో?” అన్నాడు బట్టతల పెద్దమనిషి.

“మంచి ప్రశ్నండీ. ఇంకొకరి కోసం ఏడ్చే గొంతుతో సొంత ఇంట్లో ముందుగా ఏడవకూడదు మావాళ్లు. మా ఇంటి చావుకి ఎదురింటివాళ్లు ఏడవాలి. వాళ్లింటి చావుకి మేం ఏడవాలి. ఆఖరి రోజున ఎదురింటి మనిషి వచ్చి మా కుడి అరచేతిలో నీళ్లు పోసి, ‘నీది నీకు’ అంటారు. అంటే, ఇన్నాళ్లూ మేం మోశాం, ఇక నీ దుఃఖం నువ్వు పుచ్చుకో అని. ఆ నీళ్లతో ముఖం తుడుచుకుని అప్పుడు మేం ఏడుస్తాం. ఎదురేడుపులన్నమాట! ఇక లోపలికి దయచెయ్యండి.”

జనం లోపలికి వెళ్లారు. కొండమల్లి గడప దగ్గర ఆగిపోయింది.

“అమ్మ పోయినప్పుడు మన ఎదురిల్లు కాళీ కదా నాన్నా.”

“అవును. ఆళ్లు ఎప్పుడో ఎల్లిపోయినారు.”

“నువ్వు రాయిలాగ కూకున్నావు. ఎదురింటోళ్లు నేరు కాబట్టి ఏడవడం నేదనుకున్నాను. ఆళ్ల కోసం సూస్తన్నావనుకున్నాను. పదకొండో రోజుకీ నువ్వు ఏడవనేదు. మా నాన్నకి అమ్మంటే ఏటీ నేదని అప్పుడు నాకు తెలిసింది.”

ఆమె అది తిట్టుగా కూడా అనలేదు. చాలాకాలం మోసిన బరువు కిందికి దింపినట్టు అంది. పైడిరాజు తల ఊపాడు. కూతురి మాట అతనికి స్పష్టంగా వినబడింది. అది అతనిలో ఎక్కడా తగల్లేదు.

“రాణీగారి ఏడుపైనా సూసి ఎల్తాను,” అని ఆమె పట్టీ నుదుటికి బిగించుకుని లోపలికి నడిచింది.

పైడిరాజు బయట అరుగు మీద కూర్చున్నాడు. గైడ్లకు భావపట్టీలుండవు. రోజంతా గర్వమూ శోకమూ మార్చి మార్చి ఎక్కితే గైడు దారి తప్పుతాడని. ఆ గదిలో ఏముందో అతను ఎన్నడూ ఎరగడు. బయటికి వచ్చేవాళ్లను చూస్తాడంతే. అందరూ ఒకేలా వస్తారు. తడిసిన చెంపలతో కొంచెం ముందుకి వంగి, లేని దుప్పటి అంచు పట్టుకుని ఎవరివో పాదాల మీదికి లాగినట్టు ఎడంచెయ్యి కదుపుతారు. పట్టీ తియ్యగానే శోకం దిగిపోతుంది, చెయ్యి మాత్రం మరో రెండుసార్లు లాగుతుంది. దానికి పైడిరాజు ఒక కథ కట్టాడు. అది రాణిగారి ఆఖరి పాదవందనమట. జనానికి నచ్చింది. ఇంకో విచిత్రమేమిటంటే, అందరికీ జీడిపిక్కలు కాల్చిన వాసన వేస్తుంది. బయటికి రాగానే జీడిపప్పు కావాలంటారు. సంస్థవారు ఆలోచించి అక్కడే ‘రాణిగారి జీడిపప్పు’ అని ఒక కొట్టు పెట్టారు. రాణిగారికి జీడిపప్పంటే ప్రాణమని పైడిరాజు ఇంకో కథ కట్టాడు.

కొండమల్లి అందరికంటే చివర వచ్చింది. ఆమె వంగలేదు. చెయ్యి కదపలేదు. పట్టీ తీసి గుప్పిట్లో నలిపేస్తూ, తండ్రి ఎదురుగా నేల మీద కూలబడిపోయింది.

“నాన్నా. అది అమ్మ.”

“ఎక్కడ?”

“లోపల. ఆ ఏడుపు అమ్మ కోసం. ఎంత జల్లెడ పట్టినా కొన్ని నలకలు ఉండిపోయినాయి. రాణీగారి ఏళ్లకి జీడిమరకలేటి నాన్నా? నల్లగా, గోళ్ల సందుల దాకా? రాణీగారు అమ్మలాగ జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టిందేటి? అమ్మ పాదాలు ఎప్పుడూ సల్లగా ఉండేవి కాదా? దుప్పటి జారిపోతే నువ్వు కదా లాగి కప్పేవోడివి, తిట్టుకుంటా! అమ్మకి జొరం ఒచ్చిన రోజు నువ్వు కప్పి కప్పి...” ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. “నువ్వు ఇంతలా ఏడ్చినావని నాకు తెలీదు నాన్నా. ఎవరికిచ్చేసినావు?”

పైడిరాజు జ్ఞాపకం చేసుకున్నాడు. గంధవరం వంశంలో ఏ రాజు తరవాత ఏ రాజో ఎలా జ్ఞాపకముందో, ఇదీ అలాగే జ్ఞాపకముంది. వరహాలు పోయిన మర్నాడు సంస్థ మనిషొకాయన ఇంటికి వచ్చాడు. చేతిలో పెట్టె. ‘మీ దుఃఖం మేం తీసుకుంటామండీ, మీరు మొయ్యక్కర్లేదు’ అన్నాడు. ఎదురింటికి మళ్లీ మనుషులొచ్చినట్టే అనుకున్నాడు పైడిరాజు. తీసుకోవలసినవాళ్లు తీసుకుంటామంటున్నారు, ఆఖరి రోజున తెచ్చి ఇస్తారు. శోకాలవారి ఇంట్లో పుట్టిన మనిషికి ఇంకెలా తోస్తుంది? చెవి వెనక చిప్ప ఆనించుకున్నాడు. పదకొండో రోజున గుమ్మంలో కూర్చున్నాడు, నీళ్లు పట్టుకుని ఎవరైనా వస్తారని. ఎవరూ రాలేదు. రాలేదని బాధపడడానికి అప్పటికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. లేచి అన్నం తిన్నాడు.

ఇదంతా కూతురికి చెప్పాడు. రాణిగారి వంశవృక్షం చెప్పినంత వివరంగా చెప్పాడు.

“తిరిగి ఇచ్చెయ్యమని అడగవేటి?”

“ఇచ్చేసింది ఇచ్చేసినట్టేనంట. అదిప్పుడు గంధవరం వారి సొత్తు.”

ఆమె లేచి తన పట్టీ అతని నుదుటికి కట్టింది. గైడ్లు కట్టుకోకూడదని అతను అంటున్నా వినకుండా, చిన్నపిల్లవాడి తలకు గుడ్డ చుట్టినట్టు వెనక ముడి బిగించింది.

“ఎల్లు. నీది నువ్వు సూసుకుని రా.”

అతను వెళ్లాడు.

కొండమల్లి గడప బయట నిలబడింది. లోపలి నుంచి మొదట ఏమీ వినబడలేదు. తరవాత ఒక మూలుగు వచ్చింది. ఆ తరవాత, ఊళ్లో ఎన్నో ఏళ్లుగా ఎవరూ వినని చప్పుడు, మగమనిషి గొంతు పగిలిన ఏడుపు వినబడింది. జీడిపప్పు కొట్టువాడు తూకం ఆపేశాడు. బండి దగ్గర జనం ఇటు తిరిగారు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని, ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటూ నిలబడింది.

ఆగింది. పైడిరాజు బయటికి వచ్చాడు. ముఖం, మెడ, చొక్కా గుండీల దాకా తడిసి ఉన్నాయి. ఎడంచెయ్యి లేని దుప్పటిని లాగుతోంది. నుదుటి నుంచి పట్టీ తీసి మడిచి ఆమె చేతికిచ్చాడు.

“నిజమేనే అమ్మీ,” అన్నాడు. “మీ అమ్మే. ఆ జీడిమరకలు నాకూ తెలిసినాయి.”

“నాన్నా...”

“ఎవడో గానీ,” పైడిరాజు భుజమ్మీద తువ్వాలుతో నింపాదిగా ముఖం తుడుచుకున్నాడు. “పాపం, ఆ ఏడ్చినోడెవడో గానీ, దాన్ని శానా ఇష్టపడ్డాడు.”

వేళ తప్పిపోతోందని తేలుబండి కూత వేసింది. కొండమల్లి సంచీలోంచి సమ్మతిపలక తీసింది.

“ఏలిముద్ర ఎయ్యి నాన్నా. నాకూ ఒద్దు. నేను ఏడిస్తే నువ్వు నాతో కూకుంటావనుకున్నాను గానీ, కూకోడానికి నువ్వే నేవు.”

“అలాగేలే,” అన్నాడతను. కుడిచెయ్యి చాపాడు. బొటనవేలు పలక వైపు వచ్చింది.

అంతలో ఆమె పలక వెనక్కి తీసుకుంది. మంచినీళ్ల సీసా మూత తిప్పింది.

“ఉండు. ముందు ఇది అవ్వాలి. ఎదురింటోళ్లు రానేదు కదా, నేనొచ్చినాను. మోసినోళ్లెవరైనా ఇవ్వొచ్చు. ఇప్పుడు లోపల నీది మోసి ఒచ్చింది నేనే కదా. సెయ్యి ఇలా పట్టు.”

పైడిరాజు అరచెయ్యి దొప్ప చేశాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసినదే కాబట్టి చేతికి ఎలా పట్టాలో తెలుసు. ఆమె నీళ్లు పోసింది.

“నీది నీకు నాన్నా.”

ఇప్పుడతను ఆ నీళ్లతో ముఖం తుడుచుకోవాలి. తుడుచుకుని ఏడవాలి. ఆమె ఎదురుచూసింది. అతను అరచేతిలోకి చూశాడు. నీళ్లలో ఆకాశం కొంచెం, తన ముక్కు కొంచెం కనబడ్డాయి. ఇంకేమీ లేదు. అతనికి ఏడుపు రాలేదు. కానీ నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారడం చూసి, చెయ్యి తనంతట తనే ముడుచుకుపోయింది. బొటనవేలు లోపల, నాలుగు వేళ్లు బయట. గట్టి గుప్పిలి.

ఆమె పలక ముందుకి చాపింది.

“అయిపోయింది. ఎయ్యి.”

చెయ్యి విప్పుకోలేదు.

“నాన్నా, సెయ్యి ఇప్పు. ఏలు కావాలి.”

“ఇప్పితే పోద్ది,” అన్నాడు పైడిరాజు.

“నీళ్లే కదా. ఎప్పుడో కారిపోయినాయి. సూడు, మోచెయ్యి దాకా తడే.”

“పోద్ది,” అన్నాడు మళ్లీ. ఆ గొంతులో భయం లేదు, పంతం లేదు. జీడిపప్పు ధర చెప్పినట్టే చెప్పాడు. కానీ ఆ గుప్పిలి పట్టుకుని ఆమె లాగినా వేలు ఊడి రాలేదు. రెండోసారి లాగబోయి, వేళ్ల కణుపులు తెల్లబడి ఉండడం చూసి ఆమె వదిలేసింది.

తేలుబండి మళ్లీ కూసింది. పలకను సంచీలో పెట్టుకుందో, చేత్తోనే పట్టుకుందో ఆమె చూసుకోలేదు. తండ్రి వెనకే బండెక్కింది. ఈసారి చివరి సీటులో కూర్చోలేదు. అతని పక్కన నిలబడింది.

ఓడరేవు మెట్ల దగ్గర జనానికి శాంతి దిగింది. గంధవరం వారి ఓడలు ఏ ఏ దేశాలకు వెళ్లాయో పైడిరాజు చెప్పాడు. ఎడంచేత్తో దూరంగా దీపస్తంభం చూపించాడు. రోజూ రెండు చేతులతో చేసే అభినయమంతా ఎడంచేత్తోనే చేశాడు. కుడిచెయ్యి పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. కింద సముద్రం తన పని తాను చేసుకుంటోంది. కొండమల్లి అతని మోచేతి మీది తడి ఆరిపోవడం చూస్తూ నిలబడింది. గుప్పిలి మాత్రం అలాగే ఉంది.

యాత్ర ముగిసిందని, భావపట్టీలు బుట్టలో వెయ్యమని పైడిరాజు చెప్పాడు. అందరూ వేశారు. శాంతి కూడా దిగిపోయింది. బట్టతల పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు.

“ఏమండీ గైడు గారూ, ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ గుప్పిట్లో ఏముందండీ? అది కూడా రాజులదేనా?”

ఇలాంటి ప్రశ్న వస్తే పైడిరాజు దగ్గర ఎప్పుడూ ఒక హాస్యం సిద్ధంగా ఉంటుంది. జనం దాని కోసమే నోళ్లు సగం తెరుచుకుని నిలబడ్డారు. అతను గుప్పిలి కేసి చూసుకున్నాడు. కూతురి కేసి చూశాడు.

“కాదండీ,” అన్నాడు. “నాదేనట.”